కొటేషన్ల మధ్య నీ మాట ఏదమ్మా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ గురించి. పరీక్షలో రాసే వ్యాసం సంగతి కాదు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టులు, థీసిస్‌ల సంగతి. పదిమంది రాసిన పుస్తకాలు చదివి, వాటిలోని విషయాన్ని మన వ్యాసంలోకి ఎలా తెచ్చుకోవాలి అన్నది. మన దగ్గర దీన్ని ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, నేర్చుకుని ఉంటావనే అనుకుంటారు. అందుకని నాలుగు ఉత్తరాలు ఎంచుకుని కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను విశాఖపట్నంలో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు, డిగ్రీ దాకా నోట్సు బట్టీపట్టి రాయడమే తెలుసు. 1971 యుద్ధంలో మన తీరంలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మీద పన్నెండు పేజీల పేపర్ రాశాను. రెండు నెలలు లైబ్రరీలోనే కూర్చున్నాను. మొత్తం 31 కొటేషన్లు, అన్నిటికీ పుస్తకం పేరు, పుట నంబరు ఇచ్చాను. మా సార్ ప్రతి పేజీ పక్కనా ఎర్ర సిరాతో "నీ మాట ఏది?" అని రాసి వెనక్కి ఇచ్చేశారు. నేను ఎవరి దగ్గరా దొంగిలించలేదు కదా! అంత పెద్దవాళ్ళు చెప్పాక స్టూడెంట్‌ని నేను కొత్తగా చెప్పేదేముంటుంది? రాత్రంతా ఏడ్చాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ముందు ఒక మాట. రెండు నెలలు కూర్చుని చదివావు, ప్రతి మాటకీ పుట నంబరు రాసుకున్నావు, అసలు కష్టమైన పని అదే, అది నువ్వు చేసేశావు. మీ సార్ అడిగింది నిజాయితీ గురించి కాదు. ఈ 31 మందినీ ఒక చోట కూర్చోబెట్టిన మనిషి ఎవరు, ఎందుకు కూర్చోబెట్టింది, అని అడుగుతున్నారు.

మనింట్లో శుభకార్యానికి బంధువులు వస్తే గుమ్మంలో వదిలేసి లోపలికి వెళ్ళిపోం కదా. "ఈయన మా పెద్ద మేనమామ, పలాస నుంచి వచ్చారు, ఈ సంబంధం తెచ్చింది ఈయనే" అని నలుగురికీ చెబుతాం. ఆ ఒక్క వాక్యంలో ఆయన ఎవరో, మనకేమవుతారో, ఇవాళ ఈ ఇంట్లో ఆయన మాటకి ఎందుకు విలువో మూడూ తెలిసిపోతాయి. నీ పేపర్లో కొటేషన్లు పిలవని పేరంటానికి వచ్చినట్టు వరుసగా నిలబడి ఉంటాయి, ఎవరు ఎవరో చదివేవాడికి తెలియదు. నీ పేపర్ నేను చూడలేదు గానీ ఇలాంటివి ఏళ్ళ తరబడి వందల్లో దిద్దాను, అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

ఇంకో సంగతి, ఇది మన తెలుగు వాక్యంతో వచ్చే చిక్కు. మన వాక్యంలో "అని అన్నారు" చివర వస్తుంది. నువ్వు నాలుగు వరుసల కొటేషన్ పెట్టి, ఆఖర్న "అని ఫలానావారు పేర్కొన్నారు" అంటే, చదివేవాడు నాలుగు వరుసలూ ఇవి ఎవరి మాటలో తెలియకుండా చదవాలి. నీవే అనుకుంటాడు, చివరికొచ్చాక కాదని తెలిసి మళ్ళీ మొదటికి వెళ్తాడు. అందుకని తెలుగులో రాసేటప్పుడు మనిషిని ముందు పెట్టు: "అప్పట్లో తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత రాసిన పుస్తకంలో..." అని మొదలుపెడితే ఆ మాట ఎవరిదో, ఎక్కడ నిలబడి చెబుతున్నాడో ముందే తెలుస్తుంది. ఆయన ఆ ఎత్తుగడలో స్వయంగా ఉన్నవాడు. కాబట్టి లోపలి సంగతులు ఆయనకి తెలుసు, అదే కారణంగా తన నిర్ణయాన్ని సమర్థించుకోవాలని కూడా ఉంటుంది. ఈ రెండూ చదివేవాడికి తెలియాలి.

"పేర్కొన్నారు" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగుతాను, మన పిల్లల పేపర్లలో అన్నిటికీ అదొక్కటే క్రియ. నువ్వు 31 సార్లూ అదే వాడి ఉంటే 31 మందీ ఒకే గొంతుతో మాట్లాడినట్టు ఉంటుంది. ఒకాయన అనుమానించారు, ఇంకొకాయన వాదించారు, ఒకరు తోసిపుచ్చారు, ఒకరు తమకి ఇబ్బందైనా ఒప్పుకున్నారు. ఏ క్రియ వాడాలో తేల్చుకోవాలంటే ఆ మనిషి నిజంగా ఏం చేస్తున్నాడో నీకు అర్థమై ఉండాలి. అక్కడే నీ మాట మొదలవుతుంది. "వాదించారు" అని రాసిన క్షణం నువ్వు ఒక తీర్పు చెప్పినట్టే, ఇది ఇంకా రుజువు కాలేదు అని. "ఒప్పుకున్నారు" అన్నావంటే అది వాళ్ళకి నష్టమైనా చెప్పారని నువ్వు గుర్తుపట్టావన్నమాట. స్టూడెంట్‌కి చెప్పేదేముంటుంది అన్నావు కదా, ఇదిగో ఒక్క క్రియలో ఇంత ఉంది.

ఇప్పుడు ఘాజీ సంగతికి వద్దాం, ఎందుకంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ మన ఊళ్ళో దొరకదు. నీలాంటి పేపర్లలో సాధారణంగా పేరా ఇలా ఉంటుంది: మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళం పేర్కొంది. తమ జలాంతర్గామి లోపలి పేలుడు వల్లో, తాము అమర్చిన మందుపాతర వల్లో మునిగిందని పాకిస్తాన్ పేర్కొంది. కాబట్టి దీనిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయిపోయింది, తర్వాతి పేరా. ఇందులో ఒక్క తప్పు సమాచారం లేదు, ఒక్క ఆలోచనా లేదు. "భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అన్నది ముగింపు కాదమ్మా, పని అక్కడే మొదలుకావాలి.

పెళ్ళి సంబంధం విచారించేటప్పుడు మన పెద్దవాళ్ళు ఏం చేస్తారో గుర్తుతెచ్చుకో. మధ్యవర్తి ఒకటి చెబుతాడు, పక్కింటివాళ్ళు ఇంకోటి చెబుతారు. ఎవరికి ఏ లాభం ఉందో చూసుకుని, ఇద్దరూ ఎక్కడ ఒకే మాట చెబుతున్నారో అది పట్టుకుంటారు. ఘాజీ విషయంలోనూ అలాగే చూడు. మన నౌకాదళానికి విజయం కావాలి, వాళ్ళకి శత్రువు చేతిలో ఓడలేదన్న మాట కావాలి. అయినా రెండు వైపులా కలిసే చోట్లు ఉన్నాయి: 1971 డిసెంబర్ 3–4 తేదీల మధ్య రాత్రి, విశాఖ రేవు దగ్గర, అందులో ఉన్న నావికులంతా చనిపోయారు, అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ విక్రాంత్ అప్పుడు విశాఖలో లేదు, అండమాన్ వైపు పంపేశారు, ఇక్కడే ఉందని శత్రువు అనుకునేలా రేడియో సందేశాలు నడిపారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఇలా రాయొచ్చు:

"ఘాజీ మునగడానికి కారణం ఏదైనా, అది విశాఖ దాకా వచ్చింది మాత్రం ఇక్కడ లేని ఓడ కోసం. రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీలే దాన్ని ముంచాయని భారత నౌకాదళం అంటుంది. ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్ అంటుంది. కారణం దగ్గర విడిపోయిన ఈ రెండు కథనాలూ విక్రాంత్ దగ్గర కలుస్తున్నాయి. అందుకే ఈ వ్యాసం ఘాజీని ఎవరు ముంచారని కాక, విక్రాంత్ ఇక్కడే ఉందని ఎలా నమ్మించారని అడుగుతుంది."

ఐదు వాక్యాలు. రెండోది, మూడోది మాత్రమే పుస్తకాల్లోవి, వాటిలో ఒక్కో కథనానికీ పుట నంబర్లు పడాలి. మిగతా మూడూ నీవి. ఒక్క కొత్త విషయం కనిపెట్టలేదు, ఏ పెద్దాయన్నీ కాదనలేదు, అయినా ఈ పేరా ఇంకెవరూ రాయరు. మీ సార్ అడిగిన "నీ మాట" ఇదే.

బీచ్ రోడ్డులో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది కదా, ఒక సాయంత్రం వెళ్ళి ఆ రాతలు చదివి రా. అదీ ఆధారమే. అయితే ఆ రాత్రి ఏం జరిగిందన్న దానికి కాదు, పాతికేళ్ళ తర్వాత ఈ ఊరు దాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలనుకుంది అన్నదానికి. ఒక ఆధారం దేనికి సాక్ష్యమో తెలుసుకోవడమే సగం చదువు.

పని ఎలా చేసుకోవాలో కూడా చెబుతాను. తెల్లకాగితం నిలువుగా మడిచి మధ్యలో గీత పెట్టుకో. ఎడమ వైపు పుస్తకం ఏం చెప్పిందో పుట నంబరుతో, కుడి వైపు అది చదివినప్పుడు నీకేమనిపించిందో. "ఇది ముందు చదివినదానికి సరిపోవట్లేదు", "ఈయనకి ఎలా తెలుసు?", ఇలా ఒక్క ముక్కయినా సరే. కుడి వైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని పేపర్లో వాడొద్దు. నేను నా పరిశోధన రోజుల్లో ఇలాగే చేశాను, తర్వాత రాయడానికి కూర్చుంటే కుడి వైపు రాసుకున్నవే పేరాల మొదటి వాక్యాలయ్యాయి. ఇప్పుడు నీ పన్నెండు పేజీలూ ముందు పెట్టుకుని ఇతరుల మాటలన్నిటి మీదా పసుపు హైలైటర్ గీయి. పేజీ మొత్తం పసుపైపోయిన చోట ఆగి, ఆ పేరాకి మొదటి వాక్యం, చివరి వాక్యం నువ్వు రాయి. 31లో ఇరవైకి పైగా కొటేషన్లు వాటంతటవే రాలిపోతాయి, వాటి సారం నీ మాటల్లో ఒక్కో వాక్యంగా మిగులుతుంది. ఎవరి మాటల కూర్పు మారిస్తే అర్థం మారిపోతుందో వాళ్ళవి మాత్రమే కొటేషన్లుగా ఉంచు.

ఏడవకు. ఎర్ర సిరాతో ప్రతి పేజీ పక్కనా రాసిన మాష్టారు ప్రతి పేజీ చదివారు. ఆ పేపర్ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి పీహెచ్‌డీ చేస్తున్నాడు. థీసిస్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఇతరుల రాతలతో 23 శాతం పోలికలు వచ్చాయట. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం, వాడు అన్నం సరిగ్గా తినట్లేదు. కాపీ కొట్టలేదని ప్రమాణం చేస్తున్నాడు. వాడి భవిష్యత్తు పోయినట్టేనా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: పోలేదండీ. విశ్వవిద్యాలయాలని పర్యవేక్షించే యూజీసీ 2018లో దీనికి నిబంధనలు పెట్టింది. పది శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. పది నుంచి నలభై మధ్య ఉంటే, గడువు పెట్టి, అది ఆరు నెలలు మించకుండా, సరిచేసి ఇమ్మంటారు. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు సరిచేసినది కూడా ఇవ్వనివ్వరు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మీ అబ్బాయిది రెండో మెట్టు, అంటే దిద్దుకునే అవకాశం ఉన్నది. ఇంకో విషయం, ఆధారం చూపించి సరిగ్గా ఇచ్చిన కొటేషన్లు, గ్రంథ సూచి, విషయ సూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సూత్రాలు ఇవేవీ ఆ లెక్కలోకి రాకూడదని అదే నిబంధనల్లో ఉంది. వాటిని తీసేసి లెక్కించారా లేదా అని ముందు రిపోర్టు చూడమనండి.

అయితే కాపీ కొట్టలేదని వాడనడం నిజమే కావచ్చు, 23 రావడం కూడా నిజమే కావచ్చు. ఎలాగో చూపిస్తాను, ఉదాహరణకి ఒక వాక్యం నేనే అల్లుతున్నాను. పుస్తకంలో ఇలా ఉందనుకోండి: "1933లో ఓడరేవు ప్రారంభమయ్యాక విశాఖపట్నం రూపురేఖలు మారిపోయాయి, చుట్టుపక్కల గ్రామాల నుంచి కూలీలు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు." దీన్ని పక్కన పెట్టుకుని పిల్లలు ఇలా మారుస్తారు: "1933లో రేవు మొదలయ్యాక వైజాగ్ ముఖచిత్రం మారింది, పరిసర పల్లెల నుంచి కార్మికులు భారీగా వలస వచ్చారు." దాదాపు మాటలన్నీ మారాయి, వాక్యం మాత్రం అదే వాక్యం. చొక్కా రంగు మార్చారు, మనిషి అతనే. 1990లలో రెబెకా మూర్ హోవార్డ్ అనే అమెరికన్ ఆచార్యురాలు దీనికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టారు, అతుకుల రాత అనుకోండి. దీన్ని వెంటనే దొంగతనం అనేయకూడదని, కష్టమైన విషయం ఇంకా పూర్తిగా అర్థంకాని దశలో నేర్చుకునేవాళ్ళు ఇలాగే రాస్తారని ఆవిడ వాదించారు. నాకూ అదే అనిపిస్తుంది. ఇది చేసే పిల్లలు బద్ధకస్తులు కారు, భయస్తులు. పుస్తకం మాట వదిలేస్తే తప్పు రాస్తామేమోనని భయం.

మందు ఒకటే, పుస్తకం మూసేయడం. మూసి, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి వచ్చి, ఆ విషయం మీకు చెప్పమనండి. అవునండీ, మీకే. మీకు ఆ సబ్జెక్టు రాకపోయినా పర్వాలేదు, మీకు అర్థమయ్యేలా చెప్పమని, చెప్పింది చెప్పినట్టు అప్పుడే రాసుకోమనండి. తర్వాత పుస్తకం తెరిచి తప్పుందేమో చూసుకుని పుట నంబరు వేసుకోవాలి. పైన నేనల్లిన వాక్యమే అలా చేస్తే, "విశాఖ ఇంత ఊరు ఎలా అయిందంటే కొందరు రేవునే చూపిస్తారు, పల్లెల నుంచి కూలిపనికి వచ్చినవాళ్ళతోనే ఊరు నిండిందని వాళ్ళ లెక్క" అని వస్తుంది. కొంచెం సాపు చేస్తే థీసిస్‌లోకి పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం, శాతం తగ్గించి ఇస్తామని డబ్బు తీసుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళనివ్వకండి. వాళ్ళు మాటలు అటూ ఇటూ చేసి తొమ్మిది తెస్తారు, వైవాలో ఆ వాక్యానికి అర్థం చెప్పమంటే వీడికి తెలియదు. అన్నం మాత్రం తినమనండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను తెలుగులో ఒక పెద్ద పరిశోధన వ్యాసం రాస్తున్నాను, చదివేవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. ఇంగ్లీషు నుంచి నేనే తెలుగు చేసుకున్నప్పుడు మాటలన్నీ నావే కదా, మళ్ళీ ఆధారం చూపించాలా?
– సీతమ్మధార

జవాబు: చూపించాలి. భాష మారింది, ఆలోచన వాళ్ళదే. సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోవచ్చు, అది వేరే సంగతి. వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే కొటేషన్ గుర్తుల్లోనే పెట్టి "అనువాదం నాది" అని పాదసూచికలో ఒకసారి చెప్పండి. సారం మాత్రమే తీసుకుంటే గుర్తులు అక్కర్లేదు, పేరు, పుట చాలు.

ఇదేదో పాశ్చాత్యుల పద్ధతి, మనకి కొత్త అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు అది బాధగా ఉంటుంది. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన తెలుగునేల మనిషి, మెదక్ ప్రాంతపు కొలిచెలమ వారు. ఆయన పెట్టుకున్న నియమం "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే". ఆధారం లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది ఏదీ చెప్పను అని. మొదటి సగం చూసి అందరూ పుట నంబర్లు వేస్తారు. రెండో సగం కూడా చూడండి, చదివాం కదా అని అన్నీ కుక్కకూడదు.

అంతెందుకు, మన మాటలోనే ఈ జాగ్రత్త ఉంది. "రేపు వానొస్తుందట" అంటాం. ఆ ఒక్క "ట"తో, ఇది నేను చూసింది కాదు, ఎవరో చెప్పగా విన్నది అని తేల్చేస్తాం. చదువురాని మామ్మ కూడా "ట" లేకుండా పరాయి మాట చెప్పదు. వ్యాసంలో ఆ "ట" చోట ఎవరు, ఎక్కడ, ఏ పుట అని విప్పి రాస్తున్నాం, అంతే తేడా.

ప్రశ్న: అమ్మా, హుద్‌హుద్ తుఫాను మీద ప్రాజెక్ట్ రాస్తున్నాను. అప్పుడు నేను చిన్నపిల్లని. మా నాయనమ్మ ఆ వారం రోజుల గురించి కథలు కథలుగా చెబుతుంది. పుస్తకంలో లేనిది ఆధారంగా ఇవ్వొచ్చా? వికీపీడియా, చాట్‌బాట్ చెప్పినవి ఇవ్వొచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, పెదవాల్తేరు

జవాబు: రెండోదానికి ముందు జవాబు. వికీపీడియా దారి అడగడానికి మంచిది, పేజీ అడుగున ఇచ్చిన ఆధారాల దగ్గరికి వెళ్ళి అవి చదివి వాటినే చూపించు. చాట్‌బాట్ లేని పుస్తకాలకి కూడా పేరు, సంవత్సరం పెట్టి నమ్మకంగా చెప్పేస్తుంది, కాబట్టి అది చెప్పిన ఏ పుస్తకాన్నీ నీ కళ్ళతో చూడకుండా సూచిలో పెట్టకు. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, పాత పత్రికల కోసం అక్కడ అడుగు.

నాయనమ్మ గారి మాట ఆధారమే, మంచి ఆధారం. అయితే దేనికి? 2014 అక్టోబర్ 12న గాలి ఎంత వేగంతో వీచిందన్న దానికి కాదు, దానికి వాతావరణ శాఖ నివేదిక చూడు. కరెంటు లేని రోజుల్లో నీళ్ళెక్కడి నుంచి తెచ్చుకున్నారు, పాలప్యాకెట్ ఎంతకి కొన్నారు, పడిపోయిన చెట్టుని వీధివాళ్ళంతా ఎలా పక్కకి లాగారు, ఇవి ఏ నివేదికలోనూ ఇంత దగ్గరగా దొరకవు, వీటికి ఆవిడే ఆధారం. పాలప్యాకెట్ ధర ఆవిడ చెప్పింది, ఆ వారం పత్రికలో వచ్చింది వేరైతే రెండూ రాయి, ఎందుకు తేడా వచ్చిందో నీకు తోచింది కూడా రాయి. ఆవిడ కొన్నది ఏ రోజు, ఏ కొట్లో అని మళ్ళీ అడిగితే అక్కడే కారణం తెలియొచ్చు.

రాసుకునేటప్పుడు ఆవిడ మాటని పుస్తకభాషలోకి మార్చేయకు. "తలుపు పట్టుకుని నలుగురం నిలబడ్డాం" అని ఆవిడ అంటే "ద్వారమును అదిమిపట్టితిమి" అని రాయొద్దు, అన్నది అన్నట్టే గుర్తుల్లో పెట్టు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చెప్పిందో తేదీ వేసుకో, ఫోన్‌లో రికార్డు చేస్తే ముందు అడిగే చెయ్యి. పేరు రాయాలా, "పెదవాల్తేరు వాసి, వయసు ఇంత" అని రాస్తే చాలా అన్నది కూడా ఆవిడనే అడుగు. రాశాక ఆ పేజీలు ఆవిడకి చదివి వినిపించు, "నేనలా అనలేదే" అంటే దిద్దుకో.